నాతో కాపలా కాసినవాణ్ని చైనావాడన్నారు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ పత్రికలో అమెరికా సైన్యం గురించి ఒక వ్యాసం వచ్చింది. రకరకాల జాతులవాళ్లని కలపాలని చూడటం వల్లే అక్కడ సైన్యం బలహీనపడిందని, సైన్యం అన్నాక అందరూ ఒక్క అచ్చులో పోసినట్టుండాలని, మనం కూడా ఈ సంగతి గమనించాలని అందులో రాశారు. రెండుసార్లు చదివాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను మన సైన్యంలో కబుర్లు అందించే సిగ్నల్స్ విభాగంలో, టెలిఫోన్ తీగలు వేసే లైన్‌మ్యాన్‌గా 24 ఏళ్లు చేసి, హవల్దార్‌గా రిటైరై, ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో వ్యవసాయం చూసుకుంటున్నాను. పత్రికలకి రాసే అలవాటు లేదు. కానీ దీనికి జవాబు చెప్పకపోతే నా పక్కన కూర్చుని తిన్నవాళ్లకి ద్రోహం చేసినట్టే అనిపిస్తోంది. కొంచెం పొడవైనా దయచేసి వేయండి.

ముందు మొన్న మాఘమాసంలో జరిగింది చెప్తాను. మా అమ్మాయి పెళ్లికి నాగాలాండ్ నుంచి నా స్నేహితుడు వచ్చాడు. నాలుగేళ్లు ఇద్దరం ఒకే బ్యారక్‌లో ఉన్నాం, ఒకే లైన్ పార్టీలో తిరిగాం, ఆ తర్వాత పాతికేళ్లుగా ఫోన్లలో ఒకరి ఇంటి సంగతులు ఒకరికి తెలుస్తూనే ఉన్నాయి. దీమాపూర్‌లో ఎక్కి మూడు రోజులు రైళ్లు మారుకుంటూ, వాళ్లావిడ మా అమ్మాయి కోసం నేసిన ఎర్ర శాలువా చంకలో పెట్టుకుని దిగాడు. పెళ్లయిన మర్నాడు అరసవల్లి చూపిద్దామని తీసుకెళ్తూ శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర టీకి ఆగాం. పక్కన నలుగురు కుర్రాళ్లు నిలబడ్డారు. ఒకడు మావాడి మొహంలోకి చూసి "ఒరే, చైనావోడు బార్డర్ దాటి వచ్చేశాడ్రా" అన్నాడు. మిగతావాళ్లు గట్టిగా నవ్వారు. ఇంకొకడు ఫోన్ తీసి ఫోటో తీయబోయాడు. వాడికి తెలుగు రాదనుకున్నారు. నాతో నాలుగేళ్లు ఉన్నవాడికి ఆ మాత్రం తెలుగు అర్థం కాకుండా ఎలా ఉంటుంది? గ్లాసు సగంలోనే కింద పెట్టేసి, నా వైపు తిరిగి "చలో అన్నా, గుడి టైమ్ అయిపోతుంది" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. అరసవల్లి వెళ్లేదాకా నేను తలెత్తి వాడి మొహం చూడలేకపోయాను.

ఆ నలుగురిలో ఒకడి టీషర్టు మీద 'ఇండియన్ ఆర్మీ' అని పెద్ద అక్షరాలున్నాయి. పొద్దున్నే లేచి గ్రౌండులో పరుగు ప్రాక్టీస్ చేసేవాడే అయ్యుంటాడు, మన జిల్లాలో అలాంటి కుర్రాళ్లు ఏ ఊరికి వెళ్లినా కనబడతారు, వాళ్లని చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. రేపు వాడు సెలెక్టయితే వాడి పక్క మంచం ఎవరిదవుతుంది? మణిపురి కుర్రాడిది కావచ్చు, లడఖ్‌వాడిది కావచ్చు. అక్కడికెళ్లాక ఇదే మాట అంటే ఏమవుతుందో నాకు తెలుసు, ఎందుకంటే అలాంటి మాట నేను పడ్డాను.

1989లో జబల్‌పూర్ ట్రైనింగ్ సెంటర్‌కి వెళ్లేనాటికి నాకు సినిమాల్లో విన్న హిందీ తప్ప ఏమీ రాదు. అక్కడ దక్షిణాదివాళ్లందరికీ ఒకటే పేరు, మద్రాసీ. కోరుకొండలో పుట్టినా కొట్టాయంలో పుట్టినా మద్రాసీయే. తర్ఫీదు ఇచ్చే ఉస్తాదుల్లో మంచివాళ్లూ ఉన్నారు, రాత్రిపూట కూర్చోబెట్టి హిందీ అంకెలు నేర్పినవాళ్లున్నారు, వాళ్లని ఈ జన్మకి మర్చిపోను. అయితే ఒక్కడు నవ్వితే ఎంత నష్టం జరుగుతుందో ఆ తర్వాత కొన్నేళ్లకి రాజస్థాన్ ఎడారిలో ఎక్సర్‌సైజు, అంటే యుద్ధ సాధన, జరుగుతున్నప్పుడు చూశాను.

ఆ రాత్రి ఆపరేటర్ జ్వరంతో పడుకుంటే టెలిఫోన్ ఎక్స్ఛేంజి మీద నేను కూర్చున్నాను. మ్యాప్ మీద చోటుని అంకెల్లో చెప్తాం. ఒక్కో అంకె విడివిడిగా పలకాలన్నది రూలు, తొందరలో అందరూ పాటించరు. అవతల ఉన్న హవల్దారు హిందీలో గబగబా చెప్పేశాడు. అతను అన్నది ఉన్‌తాలీసో ఉన్‌చాసో నాకు సరిగ్గా అందలేదు. ఒకటి 39, ఇంకొకటి 49. మళ్లీ అడగాలి, అడగడమే నా డ్యూటీ. కానీ అంతకుముందు రెండుసార్లు అడిగినందుకు అతను "ఈ మద్రాసీ చెవుల్లో ఇడ్లీలు పెట్టుకున్నాడా" అని లైన్ మీద ఉన్న పదిమందీ వినేలా నవ్వాడు. ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది. నేను అడగలేదు. 49 అని రాసేసుకున్నాను. చెప్పింది 39. రెండు బండ్లు పది కిలోమీటర్లు దారి తప్పి ఇసుకలో కూరుకుపోయాయి, తెల్లారేదాకా బయటికి రాలేదు. తిట్లు నాకే పడ్డాయి, తప్పు రాసింది నేనే కాబట్టి పడాల్సిందే.

ఎక్సర్‌సైజు కాబట్టి డీజిల్, నిద్ర మాత్రమే పోయాయి. అదే యుద్ధమైతే ఆ బండ్లలో ఉన్నవాళ్లు ఎవరి చేతుల్లో పడేవారు? సంపాదకులు గారూ, దేశభద్రత అనగానే మనకి క్షిపణులు, యుద్ధ విమానాలు గుర్తొస్తాయి. నాకు ఆ రాత్రి గుర్తొస్తుంది. కిందివాడు పైవాణ్ని 'అర్థం కాలేదు సాబ్, మళ్లీ చెప్పండి' అని జంకు లేకుండా అడగగలిగితే సగం భద్రత అక్కడే ఉంది. మొహం చూసి, యాస విని నవ్వేచోట ఆ ప్రశ్న గొంతులోనే ఆగిపోతుంది. నా అంకె తప్పడానికి మా యూనిట్‌లో పది భాషలవాళ్లు ఉండటం కారణం కాదు, వాళ్లలో ఒకడికి ఇంకొకడంటే చులకన ఉండటం కారణం. వ్యాసం రాసినాయన ఈ రెండింటినీ ఒకటిగా కలిపేశారని నా బాధ.

మనవాళ్లు పనికిరారన్న ముద్ర వెనక పెద్ద చరిత్ర ఉంది. ఒకప్పుడు ఉత్తర హిందుస్థానంలో సిపాయిని తిలంగా అనేవారు, తెల్లవాళ్ల దగ్గర తర్ఫీదు పొందిన తొలి సిపాయిల్లో చాలామంది తెలుగు నేల నుంచి వెళ్లినవాళ్లు కాబట్టి ఆ పేరొచ్చింది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లని ఓడించిన ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ వెంట విజయనగరం రాజా ఆనంద గజపతి సైన్యం కూడా ఉంది. విజయనగరంలో ఇప్పటికీ కంటోన్మెంట్ అని పిలుచుకునే పేట ఉంది. అలాంటిచోట, 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా చేసిన ఫ్రెడరిక్ రాబర్ట్స్ దక్షిణాది సిపాయి యుద్ధానికి పనికిరాడని తేల్చేశాడు. తర్వాత ఆయనే మొత్తం ఇండియా సైన్యానికి అధిపతి అయ్యాడు. యుద్ధజాతులు కొన్నే ఉన్నాయి, మిగతావాళ్లు దేనికీ కొరగారు అన్న సిద్ధాంతం అప్పుడు బలపడింది. మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చి, 1920లు ముగిసేసరికి ఇంజనీరింగ్ పని చేసే మద్రాస్ శాపర్స్ లాంటివాళ్లు నిలిచారు గానీ మద్రాసు పదాతి రెజిమెంట్ రద్దయిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం నెత్తిమీదికొచ్చాక మళ్లీ మద్రాస్ రెజిమెంట్‌ని లేపారు. అప్పటికి రక్తం మారిపోయిందా? మనుషులు కావాల్సొచ్చారు, అంతే.

1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువాళ్లు వేసుకున్న ఇంకో లెక్క కూడా ఉంది. ఒక జాతి పటాలం తిరగబడితే ఇంకో జాతి పటాలంతో కాల్పించాలని చూశారు. అంటే సైన్యంలో అన్ని రకాలవాళ్లూ ఉన్నారు, కానీ ఒకరికొకరు కాపలాగా ఉన్నారు. అది దొరల భద్రత.

ఇక అమెరికా సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ నల్లజాతి సైనికులకి వేరే దళాలు, వేరే బ్యారక్‌లు, ఎక్కువమందికి మోత పనులు, వంట పనులు. 1948 జూలై 26న అధ్యక్షుడు ట్రూమన్ 9981 నంబరు ఉత్తర్వు ఇచ్చి సైన్యంలో రంగు, జాతి తేడా లేకుండా సమానంగా చూడమన్నారు. పై అధికారులు చాలామందికి అది గిట్టలేదు, నెమ్మదిగా నాన్చారు. తీరా కొరియా యుద్ధంలో తెల్లవాళ్ల దళాల్లో మనుషులు పోయి ఖాళీలు పడ్డాక గతిలేక నల్లజాతివాళ్లని వాటిలో వేశారు. మునిగిపోతాం అన్నవాళ్లు ఎవరూ మునగలేదు. 1954కల్లా విడి దళాలు లేకుండా పోయాయి.

కలిపేశారు సరే, పైన ఎవరున్నారు? వియత్నాం యుద్ధం నాటికి కింద నల్లజాతి కుర్రాళ్లు బోలెడుమంది, పైన అధికారులు దాదాపు అందరూ తెల్లవాళ్లే. కింద ఏం ఉడుకుతోందో పైవాళ్లకి తెలియలేదు. 1972 అక్టోబరులో వియత్నాం తీరానికి యుద్ధానికి వెళ్తున్న కిట్టీ హాక్ అనే విమానవాహక నౌకలో నల్ల, తెల్ల నావికులు ఒకరినొకరు కొట్టుకున్నారు, పదుల సంఖ్యలో గాయపడ్డారు. శత్రువు ఒక్క గుండు పేల్చక్కర్లేకుండానే అంత పెద్ద ఓడ తనలో తను దెబ్బతింది. అవన్నీ కళ్లతో చూసిన రిటైర్డ్ జనరళ్లు, అడ్మిరళ్లు 2003లో అడ్మిషన్లలో జాతిని చూడొచ్చా అన్న మిచిగాన్ యూనివర్సిటీ కేసు వచ్చినప్పుడు సుప్రీంకోర్టుకి రాసిచ్చారు, అధికారుల్లో అన్ని జాతులవాళ్లూ లేకపోతే అది దేశభద్రతకే దెబ్బ అని. వాళ్లు ఉద్యమకారులు కాదు, జీవితమంతా యూనిఫారంలో గడిపినవాళ్లు. 2023లో అదే కోర్టు కాలేజీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తీర్పిచ్చినప్పుడు కూడా మిలిటరీ అకాడమీల విషయం తేల్చకుండా వదిలేసింది. 2025 జనవరిలో ట్రంప్ ఒక ఉత్తర్వుతో సైన్యంలో అన్ని జాతులవాళ్లనీ కలుపుకునే కార్యక్రమాలన్నీ ఎత్తేయమన్నారు, మరుసటి నెలలో సైన్యాధిపతులందరికీ పెద్ద అయిన నల్లజాతి జనరల్ చార్లెస్ బ్రౌన్‌ని పదవి నుంచి తప్పించారు. వ్యాసం ఇక్కడి నుంచి మొదలైంది. వెనకున్న డెబ్బై ఏళ్లు అందులో లేవు.

సిగ్నల్స్‌వాణ్ని కాబట్టి ఇంకొక్క మాట. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా మెరైన్లు తమ కబుర్లు పంపడానికి నవాహో అనే ఆదివాసీ భాష వాడారు. 1942లో 29 మంది నవాహో కుర్రాళ్లతో మొదలుపెట్టారు. జపాన్‌వాళ్లు ఆ కోడ్‌ని చివరిదాకా విప్పలేకపోయారు. అదే భాష మాట్లాడినందుకు ఆ జాతి పిల్లల్ని బడుల్లో శిక్షించేవారు. మన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకుని నిఘంటువు రాస్తానంటే వింతగా చూసినవాళ్లు ఎంతమందో. చులకన చేసిన భాష ఏ రోజు ఎవరి ప్రాణం కాపాడుతుందో ఎవరు చెప్పగలరు?

జాతిని చులకన చేసి దేశాన్నే పోగొట్టుకున్నవాళ్లు మన పక్కనే ఉన్నారు. 1971కి ముందు పాకిస్తాన్ జనాభాలో సగానికి పైగా బెంగాలీలు. సైన్యంలో మాత్రం పిడికెడుమంది. బెంగాలీ పొట్టివాడు, నల్లవాడు, యుద్ధజాతి కాదు అని దొరలు చెప్పిపోయిన మాటనే పశ్చిమ పాకిస్తాన్ జనరళ్లు పట్టుకుని కూర్చున్నారు. 1971 మార్చిలో ఢాకాలో సైన్యం జనం మీద విరుచుకుపడగానే అదే సైన్యంలో బెంగాలీలున్న ఈస్ట్ బెంగాల్ రెజిమెంట్ పటాలాలు తిరగబడ్డాయి. అదే నెలాఖరుకి ఫ్రాన్స్‌లోని తూలాన్ రేవులో ఉన్న పాకిస్తాన్ సబ్‌మెరైన్ మాంగ్రో నుంచి బెంగాలీ నావికులు తప్పించుకున్నారు. వాళ్లలో ఎనిమిది మంది మన దేశానికి చేరారు. నీళ్లలో ఈదుకుంటూ వెళ్లి ఓడల అడుగున మైన్లు అంటించడంలో బంగ్లాదేశ్ కోసం పోరాడే ముక్తివాహిని కుర్రాళ్లకి తర్ఫీదు ఇవ్వడంలో వాళ్ల చేయి ఉంది. ఆగస్టులో చిట్టగాంగ్ రేవులో, ఇంకా కొన్ని రేవుల్లో ఒకే రాత్రి ఓడలు పేలాయి. డిసెంబరులో విశాఖ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిన కథ మన జాలర్ల ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దానికి ఎనిమిది నెలల ముందే పాకిస్తాన్ ఇంకో సబ్‌మెరైన్‌లో ఇనుము ఉంచుకుని మనుషుల్ని పోగొట్టుకుంది.

ఒకే భాష, ఒకే ప్రాంతం వాళ్లుంటే కలిసికట్టుగా పోరాడతారు కదా, మనకీ సిక్కు, గూర్ఖా, మద్రాస్ రెజిమెంట్లు ఉన్నాయి కదా అని అడగొచ్చు. నిజమే. వాళ్ల పరాక్రమం మీద నేను ఒక్క మాట అనను, అనే అర్హత కూడా లేదు. కానీ ఆ కట్టుబాటు మొహాల పోలిక వల్ల రాలేదు, ఏళ్ల తరబడి ఒకే లంగర్‌లో, అంటే సైన్యం వంటశాలలో, తినడం వల్ల, ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదరడం వల్ల వచ్చింది. లేకపోతే గల్వాన్‌ని ఏమంటారు? 2020 జూన్ 15 రాత్రి అక్కడ చైనా సైనికులతో పోరాడి ప్రాణమిచ్చిన కర్నల్ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ, చదివింది మన విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో, నడిపించింది బీహార్ రెజిమెంట్ పటాలాన్ని. ఆ రాత్రి పోయిన 20 మందిలో బీహారీలున్నారు, పంజాబీలున్నారు, తమిళుడున్నాడు, జార్ఖండ్, ఒడిశా ఆదివాసీ కుర్రాళ్లున్నారు. కార్గిల్‌లో రాజ్‌పుతానా రైఫిల్స్ జవాన్లని కొండ మీదికి నడిపించిన కెప్టెన్ కెంగురూసే నాగా మనిషి. బండ జారుతోందని బూట్లు విప్పేసి ఎక్కాడు, అక్కడే పోయాడు, మహావీర చక్ర ఇచ్చారు. ఆయన పేరు నోరు తిరగక జవాన్లు 'నింబూ సాబ్' అనేవారట. ఆ పిలుపులో ప్రేమ ఉంది. ఏడు రోడ్ల కూడలిలో విన్న పిలుపులో ఏముందో మీరే చెప్పండి.

అదే 1999 జూన్‌లో మేమూ ద్రాస్ దిక్కునే ఉన్నాం. లైన్ రోజుకి ఎన్నిసార్లు తెగేదో లెక్కలేదు. షెల్ పడితే తెగుతుంది, రాయి దొర్లినా తెగుతుంది. రేడియో ఉంది కదా అంటారు, రేడియోలో మాట శత్రువు కూడా వింటాడు, తీగలో మాట వినాలంటే తీగ దగ్గరికి రావాలి. తెగినప్పుడల్లా నేనూ, మా అమ్మాయి పెళ్లికొచ్చిన ఆ స్నేహితుడూ ఇద్దరం బయల్దేరేవాళ్లం. లైటు వేయకూడదు, తీగని గుప్పిట్లోంచి జారనిస్తూ నడవాలి. తెగిన చోట కొస చేతిలోంచి జారిపోతుంది, అప్పుడు మోకాళ్ల మీద కూర్చుని నేలంతా తడిమి రెండో కొస వెతకాలి. ఒక రాత్రి రెండు కొసలూ దొరికాయి గానీ నా వేళ్లు చలికి కొయ్యబారిపోయాయి, కత్తి పట్టలేకపోతున్నాను. మావాడు ఏమీ మాట్లాడకుండా తన కోటు గుండీలు తీసి, నా రెండు చేతులూ లాగి తన చంకల్లో పెట్టుకున్నాడు. ఎంతసేపో తెలీదు. నా చేతుల్లోకి ప్రాణం వచ్చేలోపు తనే తీగ పైతొడుగు పళ్లతో లాగేసి, పోగులు మెలేసి టేపు చుట్టాడు. నేను ఫీల్డ్ టెలిఫోన్ తగిలించి హ్యాండిల్ తిప్పాను. అవతల ఎక్స్ఛేంజిలో మలయాళీ కుర్రాడు పలికాడు, లైన్ కలిపాడు, డోగ్రా మేజర్ గొంతు వినబడింది. అంతా కలిసి అర నిమిషం. మావాడు మంచులో కూర్చుని నవ్వాడు.

ఆ మనిషిని మా ఊళ్లో చైనావాడన్నారు.

అర్హత తగ్గించి ఎవర్నో ఒకర్ని కూర్చోబెట్టాలని నేను అనడం లేదు. పరుగు అందరికీ ఒకటే, ఫైరింగ్ అందరికీ ఒకటే. ఎత్తులో మాత్రం కొండ ప్రాంతాలవాళ్లకీ ఆదివాసీలకీ కొంత సడలింపు ఉంది, అది మన సీతంపేట కుర్రాడికీ అక్కరకొస్తుంది, ఆ కొద్ది సెంటీమీటర్లు తగ్గినందువల్ల కొండెక్కడంలో వెనకబడినవాణ్ని నేనెక్కడా చూడలేదు. 2022లో వచ్చిన అగ్నిపథ్‌లో అన్ని ప్రాంతాలవాళ్లనీ కలిపి తీసుకుంటామన్నారు, ఆ ముక్క నాకు నచ్చింది. అయితే నాలుగేళ్లకి నూటికి డెబ్బై ఐదు మందిని ఇంటికి పంపేస్తే, ఆ కలయిక ముదిరేలోపే విడిపోతుందేమోనని నా భయం. మా ఇద్దరికీ ఒకరి తిండి ఒకరికి అలవాటు కావడానికే రెండేళ్లు పట్టింది. నేను లీవు నుంచి వస్తూ కళింగపట్నం ఎండు చేపలు తెచ్చేవాణ్ని, వాడు వెదురు కొమ్ముల పచ్చడి తెచ్చేవాడు. మొదట్లో ఆ వాసనకి నేను బయటికి పోయేవాణ్ని. తర్వాత తెలిసింది, మన ఏజెన్సీలోనూ అదే వెదురు కొమ్ములు కూర వండుకుంటారని. ఇంటి పక్క తిండి నేను వెయ్యి మైళ్ల అవతల నేర్చుకున్నాను.

శ్రీకాకుళం, విజయనగరంలో సైన్యంలో చేరే కుర్రాళ్లకి కోచింగ్ ఇచ్చే అకాడమీలు బాగానే ఉన్నాయి. పరుగు, లాంగ్‌జంప్, లెక్కలు నేర్పుతున్నారు, సంతోషం. వారానికి ఒక గంట రిటైరైన జవాన్లని పిలవండి. హిందీ అంకెలు మేం నేర్పుతాం, అర్థం కానప్పుడు మళ్లీ అడగడం నేర్పుతాం, నాగా, మిజో, గూర్ఖా, లడఖీ అంటే ఎవరో, ఏం తింటారో, ఇళ్లలో ఎలా ఉంటారో చెప్తాం. డబ్బులు అక్కర్లేదు, బస్సు చార్జీలు కూడా మావే. మా మండలంలో నాతో పాటు ఇంకో ఆరుగురం సిద్ధంగా ఉన్నాం. మీ పత్రికకి నా మనవి ఏమిటంటే, ఆ వ్యాసం ఎంత చోటులో వేశారో అంతే చోటులో ఈశాన్య రాష్ట్రాల జవాన్ల గురించి ఒకటి వేయండి, ఫోటోలతో వేయండి.

మా అమ్మాయికి శ్రావణంలో సీమంతం. మావాడు, వాళ్లావిడ ఇద్దరూ వస్తామన్నారు, ఈసారి శాలువా పసిబిడ్డ సైజులో నేస్తోందట ఆవిడ. ఆమదాలవలస స్టేషన్‌కి నేనే వెళ్తాను. మళ్లీ అరసవల్లి వెళ్తాం, మళ్లీ ఆ టీ కొట్టు దగ్గరే ఆగుతాం. పోయినసారి వాడు సగం టీ వదిలేశాడు.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు,
ఆమదాలవలస మండలం, శ్రీకాకుళం జిల్లా